లీక్ కాని జాయింటుకు ఏ టూల్?

2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. బ్రిటన్‌లో పాదరసం 40 దాటడం అదే మొదటిసారి. ఏసీ అంటే ఆఫీసులకూ హోటళ్లకూ ఉండే సౌకర్యమని అనుకునే దేశంలో, పడకగదికి ఒక స్ప్లిట్ పెట్టిస్తే ఎంతవుతుందని మామూలు ఇళ్లవాళ్లూ ఆరా తీసే రోజులొచ్చాయి. ఆ పనికి వెళ్లే టెక్నీషియన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ నేర్చుకుని, గల్ఫ్‌లో కొన్నేళ్లు చేసి, బ్రిటన్ చేరిన తెలుగువాడు కూడా కావచ్చు. చేతిపని అతనికి కొత్త కాదు. కానీ ఇక్కడి పైపు కొలతలు, గ్యాసు, చట్టం, సైటు పద్ధతులు కొంచెం కొంచెం వేరు. ఆ తేడాలన్నీ ఒక్కచోట బయటపడతాయి: రాగి పైపు చివర చేసే జాయింటులో.

కొత్తగా సొంత వ్యాన్ పెట్టుకున్న ఇన్‌స్టాలర్ వాక్యూమ్ పంపు కొనడానికి నలుగురిని అడుగుతాడు. రికవరీ యంత్రం కొనడానికి పది మోడళ్లు చూస్తాడు. పైపు నోటిని గరాటులా విప్పే ఫ్లేరింగ్ కిట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చవగ్గా కనిపించినదాన్ని తీసేసుకుంటాడు. గ్యాసును ఏళ్ల తరబడి లోపల పట్టి ఉంచాల్సింది ఆ చిన్న కిట్‌తో చేసిన జాయింటే. అందుకే ఈ అధ్యాయం దాని గురించి.

చట్టం తొంగిచూడని చోటు

బ్రిటన్‌లో ఫ్లోరినేటెడ్ గ్యాసు ఉన్న ఏసీ మీద పని చేయాలంటే ఎఫ్-గ్యాస్ సర్టిఫికెట్ తప్పనిసరి. ట్రేడ్‌లో చాలామంది దాన్ని ఇప్పటికీ సిటీ అండ్ గిల్డ్స్ 2079 అనే పిలుస్తారు. మనిషికి సర్టిఫికెట్ ఉంటే చాలదు, పని ఒప్పుకునే కంపెనీ కూడా రెఫ్‌కామ్ లాంటి సంస్థ దగ్గర సర్టిఫికెట్ పొందాలి. ఇండియా ఐటీఐ సర్టిఫికెట్ అనుభవానికి రుజువుగా పనికొస్తుంది గాని దీనికి బదులు చెల్లదు. ఎఫ్-గ్యాస్ పరీక్షలో చేతిపని కూడా చూస్తారు, లీక్ లేని బ్రేజింగ్ జాయింటు చేసి చూపించాలి.

నిర్ణీత గడువుల్లో లీక్ తనిఖీ చేయించాలన్న నియమం ఒకటుంది. అయితే వ్యవస్థలోని గ్యాసు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైనప్పుడే అది మొదలవుతుంది. భూమిని వేడెక్కించడంలో ఆర్410ఏ కార్బన్ డయాక్సైడ్ కన్నా 2,088 రెట్లు బలమైనది, ఆర్32 675 రెట్లు. ఆ లెక్కన ఆర్410ఏ అయితే సుమారు 2.4 కిలోలు, ఆర్32 అయితే 7.4 కిలోలు ఉన్నప్పుడు తనిఖీ తప్పనిసరి అవుతుంది. ఇంట్లో గోడకు బిగించే చిన్న స్ప్లిట్‌లో ఉండేది కిలో అటూఇటూ. అంటే ఆ జాయింటును మళ్లీ ఎవరో వచ్చి చూస్తారన్న హామీ చట్టంలో లేదు. బిగించిన రోజు అది ఎలా ఉందో, చల్లదనం తగ్గిందని ఇంటివాళ్లు ఫోన్ చేసేదాకా అలాగే ఉంటుంది.

ఒక మామూలు స్ప్లిట్‌కు నాలుగు ఫ్లేర్లు ఉంటాయి, ఇండోర్ యూనిట్ దగ్గర రెండు, ఔట్‌డోర్ దగ్గర రెండు. 1899లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిఫ్రిజిరేషన్ లీకులు తగ్గించడానికి రియల్ జీరో అనే కార్యక్రమం నడిపినప్పుడు, తరచుగా లీకయ్యే 13 చోట్లను బొమ్మలతో గుర్తించి పెట్టింది. ఫ్లేర్ జాయింటు ఆ జాబితాలో ఉంది. వీలున్నచోట ఫ్లేర్ మానేసి బ్రేజింగ్ చేయమని ఈ రంగంలోని పెద్దలు చెప్పేది అందుకే. యూనిట్ దగ్గర ఫ్లేర్ తప్పదు. మధ్యలో పైపు కలపాల్సి వస్తే స్వేజింగ్ చేసి, అంటే ఒక పైపు నోటిని వెడల్పు చేసి, బ్రేజింగ్ పెట్టడం మేలు. కాబట్టి టెక్నీషియన్‌కు రెండు టూల్సూ కావాలి, ఒక్కోదాని పని ఒక్కోటి.

ముందు పైపు సంగతి తేల్చుకోవాలి

బ్రిటన్‌లో రెండు రకాల రాగి పైపులు పక్కపక్కనే తిరుగుతుంటాయి. ప్లంబర్ల పైపు మిల్లీమీటర్లలో వస్తుంది: 10, 15, 22, 28. దాని ప్రమాణం బీఎస్ ఈఎన్ 1057. ఏసీ పైపు అంగుళాల్లో వస్తుంది: పావు, మూడు బై ఎనిమిది, అర, ఐదు బై ఎనిమిది. దాని ప్రమాణం బీఎస్ ఈఎన్ 12735. హైదరాబాద్ షాపుల్లో రెండు సూత్, మూడు సూత్ అని అడిగి తెచ్చుకున్నది ఈ రెండో రకమే.

చిక్కంతా దగ్గరదగ్గరగా ఉండే కొలతలతో వస్తుంది. ప్లంబర్ల 15 మి.మీ. పైపూ, ఏసీ ఐదు బై ఎనిమిది పైపూ కంటికి ఒకేలా ఉంటాయి. కానీ రెండోది 15.88 మి.మీ. సెంట్రల్ హీటింగ్‌లో వాడే 10 మి.మీ. పైపుకూ 9.52 మి.మీ. ఉండే మూడు బై ఎనిమిదికీ అంతే పోలిక. 15 మి.మీ. పైపును ఐదు బై ఎనిమిది బొక్కలో పెట్టి బిగిస్తే క్లాంపుకు పట్టు దొరకదు, పైపు జారుతుంది, ఫ్లేర్ ఒక పక్కకు ఒరుగుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే కిట్లలో చాలావరకు ప్లంబర్ల కొలతలవే. కొన్నిటిలో రెండూ కలిపి ఉంటాయి. కొనేముందు బార్ మీద చెక్కిన అంకెలు చదవాలి. అంగుళాల కొలతలు లేకపోతే ఎంత చవకైనా అది ఏసీ పనికి రాదు.

రెండో ప్రశ్న పైపు మెత్తదా గట్టిదా అన్నది. చుట్టగా వచ్చే కాయిల్ మెత్తది, ఫ్లేరింగ్‌కూ స్వేజింగ్‌కూ లొంగుతుంది. బారుగా నిటారుగా వచ్చే పైపు సాధారణంగా గట్టిది, సాగదీస్తే అంచు పగులుతుంది. దాన్ని స్వేజ్ చేయాలంటే ముందు ఎర్రగా కాల్చి మెత్తబరచాలి, ఫ్లేర్ మాత్రం చేయకపోవడమే మంచిది.

కోణం కూడా చూసుకోవాలి. ఏసీ పనికి 45 డిగ్రీల ఫ్లేర్. హైడ్రాలిక్ పనికి వాడేది 37 డిగ్రీలు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇక్కడ మోసపోతారు. 37 డిగ్రీల టూల్‌తో చేసిన ఫ్లేర్ చూడ్డానికి నున్నగానే ఉంటుంది, నట్ కూడా బిగుస్తుంది. ఫిటింగ్ మీద మాత్రం పూర్తిగా ఆనదు, సన్నటి గీతలా ఒకచోటే తగులుతుంది.

ఫ్లేరింగ్ టూల్: మూడు మెట్లు

మొదటి మెట్టు పాతకాలపు టూల్. వరసగా బొక్కలున్న బార్, దాని మీద కూర్చునే యోక్, మధ్యలో నిటారుగా దిగే కోన్. కోన్ సరిగ్గా మధ్యలో ఉండి తిరుగుతూ రాగిని ఒరుసుకుంటూ పోతుంది. ఎంత బిగించాలో చేతి అంచనాయే. ఆర్22 రోజుల్లో దీంతో లక్షల ఏసీలు బిగించారు. ఇప్పుడు పరిస్థితి మారింది. ఆర్22ను బ్రిటన్ 2015 నుంచి సర్వీసింగ్‌లో కూడా పూర్తిగా నిషేధించింది. దాని స్థానంలో వచ్చిన ఆర్410ఏ పీడనం ఆర్22 కన్నా దాదాపు 1.6 రెట్లు, ఆర్32 కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఆర్32కు కొద్దిగా మండే గుణం ఉంది. 3 కిలోల లోపు గ్యాసుండే కొత్త సింగిల్ స్ప్లిట్లలో భూమిని వేడెక్కించే బలం 750 రెట్లకు పైబడిన గ్యాసులకు 2025 జనవరి 1 నుంచి తావు లేకపోవడంతో, ఇళ్లలో బిగించేది ఎక్కువగా ఆర్32నే. పాత టూల్ చేసే పొరపాటును కొత్త గ్యాసు క్షమించదు.

రెండో మెట్టు ఎక్సెంట్రిక్ టూల్. ఇందులో కోన్ మధ్య నుంచి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. తిప్పుతుంటే రాగిని ఒరవకుండా, చపాతీ కర్ర పిండిని ఒత్తినట్టు చుట్టూ కొద్దికొద్దిగా ఒత్తుకుంటూ పోతుంది. లోపలి ముఖం అద్దంలా నున్నబడుతుంది, గోడ మందం అన్ని పక్కలా ఒకేలా మిగులుతుంది. మంచి టూల్‌లో క్లచ్ కూడా ఉంటుంది. ఫ్లేర్ పూర్తయ్యాక హ్యాండిల్ టక్కుమని జారి వట్టిగా తిరుగుతుంది, అంతకుమించి ఒత్తిడి పడదు. రిడ్జిడ్, రెఫ్కో, రోథెన్‌బర్గర్, ఇంపీరియల్ లాంటి కంపెనీల టూల్స్ బ్రిటన్ హోల్‌సేల్ కౌంటర్లలో చాలాకాలంగా తెలిసినవే. రోజూ ఒకటి రెండు ఏసీలు బిగించేవారికి ఈ మెట్టు సరిపోతుంది. డబ్బు ఖర్చుపెట్టాల్సింది ముందుగా ఇక్కడే.

మూడో మెట్టు బ్యాటరీ టూల్. నవాక్, వాల్యూ లాంటి కంపెనీలవి పైపు పెట్టి బటన్ నొక్కితే ఫ్లేర్ చేసి ఇచ్చేస్తాయి. ప్రతి ఫ్లేర్ ఒకేలా రావడం, సాయంత్రానికి మణికట్టు నొప్పి లేకపోవడం దీని లాభాలు. బ్రిటన్ నిర్మాణ సైట్లలో కరెంటు టూల్స్‌ను సాధారణంగా పసుపు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టుల మీదే నడపనిస్తారు. బ్యాటరీ టూల్‌కు ఆ గొడవ లేదు. నష్టాలూ ఉన్నాయి. ధర ఎక్కువ, బరువు ఎక్కువ, గోడకూ యూనిట్‌కూ మధ్య జానెడు సందు మాత్రమే ఉన్నప్పుడు తల దూరదు. వ్యాన్లలోంచి టూల్స్ దొంగతనాలు ఇక్కడ నిత్యం వినే బాధ, ఇలాంటి ఖరీదైన టూల్‌కు ఇన్సూరెన్స్ మాట కూడా ముందే ఆలోచించాలి. హోటల్‌కో ఆఫీసుకో డజన్లకొద్దీ ఇండోర్ యూనిట్లు బిగించే బృందానికి ఇది పెట్టుబడి. వారానికి ఒక ఏసీ బిగించే మనిషికి ఎక్సెంట్రిక్ టూల్ చాలు.

అర మిల్లీమీటరు తేడా

టూల్ మారినప్పుడు చేతి అలవాటు మారకపోతే కొత్త టూల్‌తోనూ చెడ్డ ఫ్లేరే వస్తుంది. పైపును బార్ మీదికి ఎంత పైకి ఉంచాలన్నది దీనికి మంచి ఉదాహరణ. డైకిన్ ఇన్‌స్టలేషన్ మాన్యువళ్ల ప్రకారం, ఆర్410ఏ కోసం చేసిన క్లచ్ టూల్‌లో పైపు 0 నుంచి 0.5 మి.మీ. మాత్రమే పైకి ఉండాలి. పాత క్లచ్ టూల్‌తో అదే ఫ్లేర్ చేయాలంటే 1.0 నుంచి 1.5 మి.మీ. రెక్కల నట్టు ఉండే టూల్ అయితే 1.5 నుంచి 2.0 మి.మీ. పాత టూల్ మీద అలవాటుపడ్డ చేయి కొత్త టూల్‌లోనూ మిల్లీమీటరున్నర పైకి లాగుతుంది. ఫ్లేర్ వెడల్పై నట్ లోపల ఇరుక్కుంటుంది, అంచు పలచనై పగులుతుంది.

మూడు బై ఎనిమిది పైపు మీద ఒక ఫ్లేర్‌ను దగ్గరగా చూస్తే విషయం అర్థమవుతుంది. కట్టర్ చక్రాన్ని పైపుకు ఆనించి, ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెం బిగిస్తూ కోయాలి. ఆత్రపడి ఒక్కసారి బిగిస్తే పైపు నోరు లోపలికి ముడుచుకుంటుంది. హ్యాక్‌సా బ్లేడు అసలు ముట్టుకోకూడదు. కోశాక పైపు నోటిని కిందికి వంచి పట్టుకుని డీబరర్‌తో లోపలి అంచు గీకాలి, అలా చేస్తే రాగి రజను నేల మీద పడుతుంది. లోపల పడిన రజను కంప్రెసర్ దాకా పోతుంది. తర్వాత నట్ ఎక్కించాలి. ఫ్లేర్ అయ్యాక నట్ ఎక్కదు, కోసి మళ్లీ చేయడం ఒక్కటే దారి.

ఫ్లేర్ చేశాక వర్నియర్ తీసి బయటి వ్యాసం కొలవాలి. మూడు బై ఎనిమిదికి 12.8 నుంచి 13.2 మి.మీ. మధ్య రావాలి. పావు అంగుళానికి 8.7 నుంచి 9.1, అర అంగుళానికి 16.2 నుంచి 16.6, ఐదు బై ఎనిమిదికి 19.3 నుంచి 19.7. కొలత సరిపోయాక వెలుతురులో తిప్పి చూడాలి. లోపలి ముఖం మీద ఒక్క గీత, అంచున వెంట్రుకవాసి పగులు, ఒక పక్క వెడల్పు ఒక పక్క సన్నం, వీటిలో ఏది కనిపించినా కోసేయాల్సిందే. రెండు నిమిషాల పని, నాలుగు సెంటీమీటర్ల పైపు పోతాయి. నట్ గట్టిగా బిగిస్తే అదే సర్దుకుంటుందన్న ఆశ ఈ ట్రేడ్‌లో చాలా గ్యాసును గాలిలో కలిపింది.

బిగించేటప్పుడు రెండు స్పానర్లు ఉండాలి, వాటిలో ఒకటి టార్క్ రెంచ్ కావాలి. డైకిన్ చెప్పే అంకెలు పావు అంగుళానికి 14.2 నుంచి 17.2 న్యూటన్ మీటర్లు, మూడు బై ఎనిమిదికి 32.7 నుంచి 39.9, అర అంగుళానికి 49.5 నుంచి 60.3. వేరే కంపెనీ యూనిట్ అయితే దాని మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించాలి. ఫ్లేర్ లోపలి ముఖానికి ఈస్టర్ లేదా ఈథర్ నూనె చుక్క రాయమని మాన్యువల్ చెబుతుంది. థ్రెడ్‌కు నూనె అంటితే అదే టార్క్ దగ్గర నట్ ఎక్కువగా బిగుస్తుంది, రాగి నలుగుతుంది. ఇండోర్ యూనిట్ దగ్గర ఒకసారి విప్పిన ఫ్లేర్‌ను మళ్లీ అలాగే బిగించకూడదు, కోసి కొత్తది చేయాలి. గదిలోకి ఆర్32 లీకయ్యే అవకాశం ఉన్నచోట ఇది మరీ ముఖ్యం.

స్వేజింగ్: ఒక జాయింటు తగ్గించే పని

రెండు పైపులు కలపడానికి కప్లర్ వాడితే రెండు చోట్ల బ్రేజింగ్ చేయాలి. ఒక పైపు నోటిని స్వేజ్ చేసి వెడల్పు చేస్తే రెండోది అందులో దూరుతుంది, బ్రేజింగ్ ఒక్కచోటే. జాయింటు ఒకటి తగ్గింది, లీకయ్యే చోటూ ఒకటి తగ్గింది. పైపు వ్యాసం ఎంతో సుమారుగా అంత లోతు స్వేజ్ చేయడం ట్రేడ్‌లో పద్ధతి. రెండు పైపుల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ ఉంటే కరిగిన రాడ్ దానంతటదే లోపలికి పీల్చుకుపోతుంది. సందు వదులైతే ఎంత రాడ్ పోసినా పైపైనే నిలుస్తుంది.

అన్నిటికన్నా చవకైనది పంచ్. పైపును బార్‌లో బిగించి సుత్తితో కొడతారు. నేల మీద కూర్చుని చేసే పనికి బాగానే ఉంటుంది. పైకప్పు కింద నిచ్చెన మీద, ఇప్పటికే గోడకు క్లిప్పులేసిన పైపు మీద సుత్తి ఆడదు, స్వేజ్ వంకరపోతుంది. లీవర్ ఎక్స్‌పాండర్‌లో ఒక్కో కొలతకు ఒక్కో హెడ్ బిగించుకుని రెండు చేతులా నొక్కితే క్షణంలో పని అయిపోతుంది. ఒకసారి నొక్కి, పైపును కొద్దిగా తిప్పి మళ్లీ నొక్కితే హెడ్ ముక్కల మధ్య మిగిలే గీతలు సర్దుకుని గుండ్రంగా వస్తుంది. హెడ్లు కొనేటప్పుడు మళ్లీ అదే జాగ్రత్త: 15 మి.మీ. హెడ్ వేరు, ఐదు బై ఎనిమిది హెడ్ వేరు. ఆ కొద్దిపాటి తేడాయే బ్రేజింగ్ సందును పాడుచేస్తుంది.

హైడ్రాలిక్ ఎక్స్‌పాండర్ పెద్ద పైపులకు. ఏడు బై ఎనిమిది, ఒక అంగుళం ఎనిమిదో వంతు పైపులతో వీఆర్ఎఫ్ (ఒకే ఔట్‌డోర్‌కు చాలా ఇండోర్ యూనిట్లు తగిలించే వ్యవస్థ) పనులు చేసేవాళ్లకు భుజాలు నిలుస్తాయి. డ్రిల్లుకు తగిలించే స్పిన్ బిట్ ఇంకో దారి. అది తిరుగుతూ పుట్టించే వేడికి రాగి మెత్తబడి తెరుచుకుంటుంది. చిన్న సంచిలో పడుతుంది, బ్యాటరీ డ్రిల్లు చాలు. లోపల రాలే పొడిని తుడవడం, పైపు కదలకుండా పట్టుకోవడం మర్చిపోకూడదు.

స్వేజ్ తర్వాత మంట వస్తుంది. బ్రిటన్‌లో చాలా భవనాల్లో మంట వెలిగించాలంటే ముందు హాట్ వర్క్ పర్మిట్ తీసుకోవాలి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, పని ముగిశాక కూడా ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. మంట ఒప్పుకోని చోట కోనెక్స్ బానింగర్ వాళ్ల మాక్సీప్రో లాంటి ప్రెస్ ఫిటింగులు వాడుతున్నారు. వాటికి వాటి సొంత ప్రెస్ టూల్ కావాలి, ఫిటింగు ధరా ఎక్కువే. బ్రేజింగ్ ఎక్కడ చేసినా పైపు లోపల ఆక్సిజన్ లేని నైట్రోజన్ సన్నగా పారుతుండాలి. లేకపోతే లోపలి గోడ నల్లటి పొరకట్టి, ఆ పొర రాలి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో ఇరుక్కుంటుంది.

డబ్బు కొద్దిగా ఉంటే ఏది ముందు?

అన్నీ ఒకేసారి కొనే స్థోమత కొత్తవాళ్లకు ఉండదు. అప్పుడు కొనే వరస ముఖ్యం. మంచి కట్టర్, డీబరర్ ముందు. అవి చవక, వాటి పని బాగుంటేనే తర్వాతి పని నిలబడుతుంది. తర్వాత క్లచ్ ఉన్న ఎక్సెంట్రిక్ ఫ్లేరింగ్ టూల్. దాని వెంటే టార్క్ రెంచ్, వర్నియర్. ఫ్లేరింగ్ టూల్ మీద వందల పౌండ్లు పెట్టి, నట్‌ను చేతి అంచనాతో బిగించేవారు సగం డబ్బు వృథా చేస్తున్నట్టే. ఆ తర్వాత లీవర్ ఎక్స్‌పాండర్, రోజూ వాడే రెండు మూడు హెడ్లతో. బ్యాటరీ టూల్, హైడ్రాలిక్ ఎక్స్‌పాండర్ పని పెరిగాక చూసుకోవచ్చు. విడి భాగాలు దొరుకుతాయా అన్నది కూడా అడగాలి. కోన్ అరిగితే కోన్ ఒక్కటీ మార్చుకోగలిగిన టూల్ ఎన్నో ఏళ్లు నిలుస్తుంది.

కౌంటర్ దగ్గర సిగ్గుపడకుండా టూల్‌ను చేతిలోకి తీసుకోవాలి. సంచిలో ఒక మెత్తటి పైపు ముక్క, వర్నియర్ పెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. హెచ్ఆర్‌పీ, డీన్ అండ్ వుడ్ లాంటి రిఫ్రిజిరేషన్ హోల్‌సేలర్ల కౌంటర్లలో రోజూ టెక్నీషియన్లతోనే మాట్లాడే మనుషులుంటారు, ఒక ఫ్లేర్ చేసి చూపించమని అడగడం తప్పు కాదు. క్లాంపు బిగించాక పైపు జారుతోందా, కోన్ మీద గీతలున్నాయా, క్లచ్ స్పష్టంగా జారుతోందా, ఫ్లేర్ కొలత 12.8కీ 13.2కీ మధ్య పడిందా, ఇవన్నీ ఐదు నిమిషాల్లో తేలిపోతాయి.

కొన్న టూల్‌ను నేరుగా కస్టమర్ ఇంటికి తీసుకెళ్లకూడదు. ఒక పాత కాయిల్ మీద ఒక్కో కొలతకు వరసగా ఫ్లేర్లు చేసి, కొలిచి, కొలత కుదిరే పద్ధతి చేతికి పట్టేదాకా సాధన చేయాలి. తర్వాత రెండు మూడు ఫ్లేర్లూ ఒక స్వేజ్ జాయింటూ ఉన్న చిన్న లైను తయారు చేసి నైట్రోజన్ పరీక్ష పెట్టాలి. మిత్సుబిషి ఎలక్ట్రిక్ ఆర్410ఏ వ్యవస్థలకు చెప్పిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ముందు 0.5 మెగాపాస్కల్‌కు పెంచి 5 నిమిషాలు, తర్వాత 1.5కు పెంచి 5 నిమిషాలు, చివరగా 4.15కు పెంచి ఒక రోజంతా వదిలేయడం. రాత్రి చలికి గేజు ముల్లు కొద్దిగా కిందికి దిగుతుంది కాబట్టి మొదలుపెట్టినప్పటి ఉష్ణోగ్రతా, చివరి ఉష్ణోగ్రతా రాసుకుని ఆ తేడా తీసేసి చూడాలి. అయినా పీడనం తగ్గిందంటే సబ్బు నీళ్లు రాసి ఏ జాయింటో పట్టుకుని, దాన్ని కోసి విప్పి, కోత దగ్గర పోయిందా, ఫ్లేర్ దగ్గరా, టార్క్ దగ్గరా అని చూసుకుని, ఆ ఒక్క మెట్టునే మళ్లీ సాధన చేయాలి. పరీక్ష నెగ్గిన కొలతలను టూల్ పెట్టె మూత లోపలి వైపు రాసి అంటించుకుంటే, మర్నాడు చలిలో నిచ్చెన మీద ఉన్నప్పుడు ఆ అంకెలు కళ్లముందే ఉంటాయి.